గాల్ బ్లాడర్‌లో రాళ్లు, క్లోమం క్యాన్సర్ భయం: బరంపురం మందుల షాపు కౌంటర్ దగ్గర తరచుగా అడిగే ప్రశ్నలు

ఒడిశాలోని బరంపురంలో మాకు మందుల షాపు ఉంది. మందుల చీటీతో వచ్చేవాళ్లు ఎంతమందో, స్కానింగ్ కవర్ పట్టుకుని వచ్చేవాళ్లూ అంతమందే. డాక్టరుగారు ఒడియాలో చెప్పింది సగం అర్థమవుతుంది, రిపోర్టు చూస్తే ఇంగ్లీషులో ఉంటుంది. మిగిలిన సగం మా కౌంటర్ మీదికొస్తుంది. నేను ఫార్మసిస్టుని, డాక్టర్ని కాను. జబ్బు నిర్ధారించడం నా పని కాదు. కానీ డాక్టరు దగ్గరికి మళ్లీ వెళ్లినప్పుడు ఏం అడగాలో చెప్పగలను. ఛత్రపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు నుంచి వచ్చే మన తెలుగువాళ్లు పదే పదే అడిగేవి ఇక్కడ రాస్తున్నాను.

గాల్ బ్లాడర్‌లో రాళ్లున్నాయన్నారు. అవి ముదిరి క్లోమం క్యాన్సర్ అవుతాయా?

అవ్వవు. రాయి రాయిగానే ఉంటుంది. పిత్తాశయంలో, అంటే గాల్ బ్లాడర్‌లో, రాళ్లున్నవాళ్లలో నూటికి ఎనభై మందికి జీవితాంతం ఏ బాధా ఉండదు. మన దేశంలో క్లోమం క్యాన్సర్ ఏడాదికి లక్షమందిలో ఒకరిద్దరికి వస్తుంది. రాళ్లున్నవాళ్లలో అది కొంచెం ఎక్కువగా కనిపిస్తుందని చాలా పరిశోధనలు చెప్పాయి. కానీ లక్షలో ఒకటి రెండు కాస్త పెరిగినా పెద్ద సంఖ్యేమీ కాదు. రాళ్ల వల్ల నేరుగా ముప్పు పెరిగే క్యాన్సర్ వేరే ఉంది, అది పిత్తాశయం క్యాన్సర్. దాని సంగతి కింద వస్తుంది.

మరి ఈ రెంటినీ ఎప్పుడూ కలిపే ఎందుకు చెబుతారు?

రెండూ ఇరుగుపొరుగు కనుక. పిత్తాశయం కాలేయం కింద అంటుకుని ఉండే చిన్న సంచి, వేలెడు పొడవు. కాలేయం తయారుచేసే పైత్యరసాన్ని అందులో నిలవ చేసుకుంటుంది, పట్టేది ముప్పై నుంచి యాభై మిల్లీలీటర్లు. క్లోమం, అంటే ప్యాంక్రియాస్, పొట్ట వెనక అడ్డంగా పడుకుని ఉండే జానెడు గ్రంథి. తిండిని అరిగించే రసాలూ ఇన్సులినూ తయారయ్యేది అక్కడే.

పైత్యరసం తెచ్చే గొట్టం పేగులోకి వెళ్లేముందు క్లోమం తలభాగం గుండా పోతుంది. క్లోమం గొట్టం కూడా దాదాపు అక్కడే వచ్చి కలుస్తుంది. రెండు పంటకాలువలు ఒకే తూము దగ్గర కలిసినట్టు అనుకోండి. పిత్తాశయంలోంచి జారిన రాయి ఆ తూములో ఇరుక్కుంటే క్లోమం రసం వెనక్కి తన్ని క్లోమం వాస్తుంది. దాన్నే ప్యాంక్రియాటైటిస్ అంటారు. మద్యం అలవాటుతో పాటు దానికి ముఖ్య కారణం ఈ రాళ్లే.

ఇదే తిరగబడి కూడా జరుగుతుంది. క్లోమం తలలో గడ్డ పెరిగితే అది పైత్యరసం గొట్టాన్ని నొక్కుతుంది. రసం కదలక పిత్తాశయం ఉబ్బుతుంది, లోపల మడ్డి పేరుకుంటుంది. స్కానింగ్ తీస్తే ‘గాల్ బ్లాడర్‌లో తేడా ఉంది’ అని వస్తుంది. తేడా అక్కడ కనిపించింది నిజమే, కారణం మాత్రం పక్కింట్లో ఉంది. ఈ పేజీ అంతా చదవడానికి తీరిక లేకపోతే ఈ పేరా ఒక్కటి గుర్తుంచుకోండి.

రాళ్లున్నవాళ్లకి క్లోమం క్యాన్సర్ ఆరు రెట్లు ఎక్కువని అమెరికాలో తేలిందట. మా అబ్బాయి ఫోన్‌లో చూపించాడు. నిజమేనా?

వార్త నిజమే, దాన్ని చదివిన తీరే తప్పు. 2022లో బోస్టన్ వైద్యులు పెద్ద వయసువాళ్ల రికార్డులు చూశారు. క్లోమం క్యాన్సర్ బయటపడినవాళ్లలో నూటికి 4.7 మందికి అంతకుముందు ఏడాదిలోనే పిత్తాశయ రాళ్ల జబ్బు ఉన్నట్టు రాసి ఉంది. ఆ క్యాన్సర్ లేనివాళ్లలో అది 0.8 మాత్రమే. ఆరు రెట్లన్నది అలా వచ్చింది.

ఇప్పుడు దాన్ని ఇటు తిప్పి చూడండి. క్యాన్సర్ వచ్చినవాళ్లలో తొంభై ఐదు మందికి పైగా ఆ ఏడాది రాళ్ల జబ్బు ఊసే లేదు. రాళ్లున్నవాళ్లకి క్యాన్సర్ ఆరు రెట్లు వస్తుందని ఆ లెక్క చెప్పడం లేదు. ‘అంతకుముందు ఏడాదిలో’ అన్న మాట ముఖ్యం. క్యాన్సర్ ఏళ్ల తరబడి పెరుగుతుంది, ఏడాది కిందటి రాయి దాన్ని పుట్టించలేదు. అప్పటికే ఉన్న గడ్డే పైత్యరసాన్ని అడ్డుకుని రాళ్ల బాధలా కనిపించి ఉంటుంది, లేదా కడుపులో బాధ అని స్కాన్ తీస్తే ఎప్పటివో రాళ్లు బయటపడి ఉంటాయి. కాబట్టి ఆ లెక్క భయపెట్టాల్సింది రాళ్లున్న ప్రతివాళ్లనీ కాదు. రాయి దొరికింది కదా అని వెతకడం మానేసేవాళ్లని.

వెతకడం మానేయడమంటే? స్కానింగ్ తీశారుగా!

మా మావయ్య సంగతి చెబుతాను. పర్లాకిమిడిలో ఉండేవాడు, అరవై దాటాయి. పొట్ట పైభాగంలో నొప్పి, అది వీపులోకి పాకేది. స్కాన్‌లో రెండు చిన్న రాళ్లు కనిపించాయి. ఇంకేముంది, కారణం దొరికిందన్నారు, ఒక నర్సింగ్ హోమ్‌లో పిత్తాశయం తీసేశారు. నొప్పి పోలేదు. ‘కుట్లు మానాలి, టైమ్ పడుతుంది’ అన్నారు. నాలుగు నెలలకి కళ్లు పచ్చబడ్డాయి. అప్పుడు సిటీ స్కాన్ తీస్తే క్లోమం తలలో గడ్డ. ఆపరేషన్ చేసే దశ దాటిపోయింది.

తర్వాత ఆ పాత స్కాన్ రిపోర్టు తీసి చూశాను. రాళ్ల కొలతలు మిల్లీమీటర్లతో సహా రాశారు. దాని కింద ఒక్క లైను: పేగుల్లో గ్యాస్ వల్ల ప్యాంక్రియాస్ సరిగా కనిపించలేదు. ఆ లైను ఎవరూ చదవలేదు. నేనూ చదవలేదు, అప్పుడు నా చేతిలోనే ఉంది ఆ కాగితం.

పొట్ట మీద జెల్ రాసి చేసే అల్ట్రాసౌండు పిత్తాశయం రాళ్లని పట్టడంలో దిట్ట. క్లోమం పొట్టకీ పేగులకీ వెనక ఉంటుంది కనుక గ్యాస్ అడ్డొస్తే దానికి కనిపించదు. ‘కనిపించలేదు’ అంటే ‘బాగుంది’ అని కాదు. మీ రిపోర్టులో ప్యాంక్రియాస్ అన్న లైను వెతకండి. పూర్తిగా కనిపించలేదని ఉండి, కింద చెప్పిన లక్షణాల్లో ఏదైనా ఉంటే, ‘సార్, ప్యాంక్రియాస్ చూడ్డానికి సిటీ గానీ ఎంఆర్‌సీపీ గానీ అవసరమా?’ అని అడగండి. ఎంఆర్‌సీపీ అంటే పైత్యరసం, క్లోమం గొట్టాలని చూపించే ఎంఆర్‌ఐ స్కాన్. అడిగితే కోప్పడే డాక్టర్లు ఉంటారు. కోప్పడనివ్వండి. ఏ లక్షణమూ లేనివాళ్లు ఆ ఒక్క లైను చూసి సిటీ స్కాన్‌కి పరిగెత్తక్కర్లేదు.

నొప్పిని బట్టి రాయో, ఇంకోటో తెలుస్తుందా?

కొంతవరకు. రాళ్ల నొప్పి కుడివైపు పక్కటెముకల కింద గానీ రొమ్ము కింద నడిమధ్య గానీ పట్టేస్తుంది, కుడి భుజం రెక్క వైపు లాగుతుంది. పెళ్లి భోజనం చేసొచ్చిన రాత్రి వస్తుంది. అరగంట నుంచి కొన్ని గంటలుండి పూర్తిగా వదిలేస్తుంది. తర్వాత వారాల తరబడి జాడ ఉండదు.

క్లోమం గడ్డ నొప్పి అలా వచ్చి పోదు. సన్నగా మొదలై రోజూ ఉంటుంది, వీపులోకి పోతుంది, పడుకుంటే ఎక్కువై ముందుకి వంగి కూర్చుంటే తగ్గుతుంది. తోడుగా ఆకలి పోతుంది, బట్టలు వదులవుతాయి. విరేచనం జిడ్డుగా, నీళ్ల మీద తేలుతూ, ఒక పట్టాన కొట్టుకుపోకుండా ఉంటుంది. ఇవేవీ లేకుండానే వచ్చినవాళ్లూ ఉన్నారు.

ఒక హెచ్చరిక. యాభై దాటిన షుగర్ పేషెంటుకి రొమ్ము కింద నొప్పి, చెమటలు అంటే ముందు ఈసీజీ. గ్యాస్ అనుకుని మా షాపుకొచ్చి సిరప్ అడగకండి.

కామెర్లకి పసరు తాగిస్తున్నాం. తగ్గకపోతే అప్పుడు చూస్తాం. ఫర్వాలేదా?

ఫర్వా ఉంది. ఈ ఒక్క ప్రశ్నకి నేను మెత్తగా జవాబు చెప్పలేను.

పసరుకి పేరెలా వచ్చిందో చూడండి. కుర్రాళ్లకి వచ్చే కామెర్లు ఎక్కువగా కలుషితమైన నీళ్ల వల్ల వచ్చే వైరస్ రకం. అది విశ్రాంతి తీసుకుంటే కొన్ని వారాల్లో దానంతట అదే తగ్గుతుంది. ఆ వారాల్లో తాగిన పసరుకి క్రెడిట్ పోతుంది. గొట్టం మూసుకుపోయి వచ్చే కామెర్లు వేరు. రాయి వల్లయినా గడ్డ వల్లయినా అడ్డు తొలగితేనే తగ్గుతాయి. గడ్డ ఉన్నవాళ్లకి పోయిన ప్రతి వారమూ తిరిగి రాదు. క్లోమం క్యాన్సర్ బయటపడేనాటికి ఆపరేషన్‌కి వీలున్నవాళ్లు నూటికి పదిహేను, ఇరవై మందే.

అడ్డు వల్ల వచ్చిన కామెర్లని ఇంట్లోనే గుర్తుపట్టవచ్చు. మూత్రం డికాక్షన్ రంగులో వస్తుంది. విరేచనం పసుపు పోయి సుద్దలా తెల్లబారుతుంది. ఒళ్లంతా దురద, రాత్రిళ్లు మరీ ఎక్కువ. మా మావయ్య దువ్వెనతో వీపు గోక్కునేవాడు. మేం చెమటకాయలనుకున్నాం.

వీటితో పాటు నొప్పి లేదంటే ఊరట పడకండి, అదే ఎక్కువ అనుమానించాల్సిన విషయం. 1890లోనే కూర్వాజియే అనే స్విట్జర్లాండ్ సర్జన్ ఈ సంగతి గమనించి రాశాడు. రాళ్లతో చాలాకాలం బాధపడిన పిత్తాశయం గట్టిపడి ముడుచుకుపోతుంది, ఉబ్బలేదు. కామెర్లు వచ్చి, నొప్పి లేకుండా పిత్తాశయం ఉబ్బి చేతికి తగులుతుంటే కారణం రాయి కాకపోవచ్చు. ఇన్ని మిషన్లు వచ్చినా ఆ మాట ఇంకా పనికొస్తూనే ఉంది.

చలిజ్వరం, కామెర్లు కలిసి వచ్చాయి. మలేరియానా?

రాయగడ, కోరాపుట్, మల్కనగిరి వైపు ముందు మలేరియా అనుకోవడం సహజం, రక్తపరీక్ష చేయించాల్సిందే. కానీ కుడివైపు నొప్పి, వణుకుతో జ్వరం, పచ్చటి కళ్లు మూడూ కలిస్తే పైత్యరసం గొట్టంలో చీము పట్టి ఉండవచ్చు. ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకెళ్లండి. తెల్లారేదాకా ఆగకండి.

కొండపిండాకు తాగితే రాళ్లు కరుగుతాయంటారు కదా?

జనం కొండపిండి, రణపాల, అరటి ఊచ వాడేది కిడ్నీ రాళ్లకి. పిత్తాశయానికీ మూత్రానికీ సంబంధం లేదు. నీళ్లెంత తాగినా ఆ రాయి ఆ దారిన రాదు. యాపిల్ రసం, ఆలివ్ నూనె తాగితే మర్నాడు పచ్చటి ఉండలు పడ్డాయని ఫోటోలు పంపుతుంటారు. తాగిన నూనే పేగుల్లో సబ్బులా మారి ఉండలు కట్టి వస్తుంది. కొన్ని కొవ్వు రాళ్లని కరిగించే మాత్ర ఒకటి ఉంది, డాక్టరు రాస్తే నెలల తరబడి వాడాలి, ఆపితే మళ్లీ రావచ్చు.

రాళ్లున్నాయి గానీ బాధ లేదు. ముందే తీయించేసుకుంటే క్లోమం క్యాన్సర్ రాకుండా ఉంటుందా?

క్లోమం క్యాన్సర్ భయంతో పిత్తాశయం తీయించుకోనక్కర్లేదు. తీస్తే ఆ ముప్పు తగ్గుతుందనడానికి ఆధారం లేదు. తీయించుకున్నవాళ్లలో ముప్పు కాస్త ఎక్కువని చెప్పే పరిశోధనలు కూడా ఉన్నాయి. అక్కడా పైన చెప్పిన తిరకాసే, ఆపరేషన్ నాటికే గడ్డ ఉన్నవాళ్లు ఆ లెక్కలో కలుస్తారు. మా మావయ్యలాగే.

బాధ లేకున్నా తీయమని డాక్టర్లు చెప్పే సందర్భాలు కొన్ని ఉన్నాయి. రాయి మూడు సెంటీమీటర్లు దాటినా, లోపల సెంటీమీటరో అంతకన్నా పెద్దదో పాలిప్ (గోడ మీద పెరిగే కండ) ఉన్నా, గోడ సున్నం పట్టి గట్టిపడినా పిత్తాశయం క్యాన్సర్ ముప్పు ఉంటుంది. ఆ క్యాన్సర్ గంగానది మైదానంలో ఎక్కువ, దక్షిణాన తక్కువ. ఇక రాయి వల్ల ఒకసారి క్లోమం వాచిందంటే పిత్తాశయం తీయించుకోవడమే మంచిది. వాపు తేలికపాటిదైతే అదే అడ్మిషన్‌లో తీసేయడం పద్ధతి. ఇంటికెళ్లి ముహూర్తం చూసుకుని వస్తామంటే ఈలోగా మళ్లీ వాచవచ్చు. ఏళ్ల తరబడి క్లోమం వాస్తూ ఉంటే అది మాత్రం క్లోమం క్యాన్సర్ ముప్పుని నిజంగా పెంచుతుంది.

కోతంటే భయపడేవాళ్లకి ఒక మాట. మన దేశంలో చిన్న రంధ్రాలతో పిత్తాశయం తీయడం 1990లో ముంబయి జేజే ఆసుపత్రిలో డాక్టర్ టెహెమ్టన్ ఉద్వాడియా మొదలుపెట్టారు. ఇప్పుడది చాలా ఊళ్లలో రోజూ జరిగే ఆపరేషన్.

మా పాపకి పదహారేళ్లు. ఈ వయసులో రాళ్లేమిటి?

సికిల్ సెల్ పరీక్ష చేయించారా? ఒడిశాలో, ముఖ్యంగా పడమటి జిల్లాల్లో, కోరాపుట్ వైపు ఆదివాసీ ప్రాంతాల్లో ఈ జబ్బు ఎక్కువ. ఎర్రకణాలు త్వరగా విరిగిపోయి వాటి రంగు పైత్యరసంలోకి చేరి నల్లటి రాళ్లవుతాయి. చిన్నవయసులోనే వస్తాయి. వీళ్ల కళ్లు ఎప్పుడూ కాస్త పచ్చగానే ఉంటాయి కనుక, మామూలు కంటే ముదిరిందా అన్నది అమ్మ కన్నే పట్టాలి.

నాన్న చుట్ట తాగుతారు, అమ్మమ్మ అడ్డపొగ. దానికీ క్లోమానికీ ఏం సంబంధం?

రాళ్లకంటే పెద్ద సంబంధం. పొగతాగేవాళ్లకి క్లోమం క్యాన్సర్ ముప్పు తాగనివాళ్లకంటే దాదాపు రెట్టింపు. శ్రీకాకుళం నుంచి గంజాం దాకా తీరంలో నిప్పు లోపలికి పెట్టుకుని చుట్ట తాగే ఆడవాళ్లు ఇంకా ఉన్నారు. అంగిట్లో క్యాన్సర్ వస్తుందని వాళ్లకి ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. పొగ రక్తంలో కలిసి క్లోమం దాకా పోతుందని మాత్రం ఎవరూ చెప్పరు. పళ్లకి రాసే గుడాకు, ఖైనీ, గుట్కా కూడా పొగాకే, ‘పొగ రాదు కదా’ అన్నది వాదన కాదు. చిత్రమేమిటంటే, రాయి ఉందని నూనె మానేసి, నెయ్యి మానేసి, చుట్ట మాత్రం మానరు. మానేసిన ఏళ్లు గడిచేకొద్దీ ముప్పు తగ్గుతూ వస్తుంది.

యాభై ఎనిమిదేళ్లకి కొత్తగా షుగర్ వచ్చింది. మా ఇంట్లో ఎవరికీ లేదు. అనుమానించాలా?

షుగర్ ఒక్కటే అయితే కంగారొద్దు. యాభై దాటాక కొత్తగా షుగర్ వచ్చినవాళ్లలో మూడేళ్లలోపు క్లోమం క్యాన్సర్ బయటపడేది నూటికి ఒకరికి, అంతకన్నా తక్కువే. షుగర్ వచ్చింది, తిండి మార్చకుండానే ఆరేడు కిలోలు తగ్గారు, పైగా కడుపులో బాధ అంటే మాత్రం డాక్టరుకి మూడూ కలిపి చెప్పండి. షుగర్ డాక్టరుకి షుగర్, పొట్ట డాక్టరుకి పొట్ట అని విడివిడిగా చెబితే ఎవరికీ పూర్తి బొమ్మ కనిపించదు.

బరువు తగ్గడానికి మనవాళ్ల దగ్గర కారణాలు రెడీగా ఉంటాయి. ఒక పిన్నిగారు ఆపరేషన్ అయ్యాక ఏడాదిపాటు చారన్నమే తిన్నారు. పిత్తాశయం తీసేశాక అంత పథ్యం అవసరం లేదు, పైత్యరసం కాలేయంలోంచి నేరుగా పేగులోకి వస్తూనే ఉంటుంది. కొందరికి కొన్ని వారాలు విరేచనాలు పల్చగా అవుతాయి, సర్దుకుంటుంది. బరంపురంలో ఉండి అప్పడం, ఊరగాయ జన్మలో ముట్టకూడదని ఎవరూ అనరు. అసలు బరువు అదే పనిగా తగ్గుతుంటే పథ్యం మీదికి తోసేయకండి.

రక్తపరీక్షతో తేలిపోదా? సిఏ 19-9 అని ఉందటగా?

ప్యాకేజీల్లో అమ్ముతున్నారు. ఏ లక్షణమూ లేనివాళ్లు చేయించుకోవాల్సిన పరీక్ష కాదది. సిఏ 19-9 రక్తంలో ఉండే ఒక పదార్థం, రాయి అడ్డుపడి కామెర్లు వచ్చినా అది పెరుగుతుంది. కొందరి శరీరంలో పుట్టుకతోనే ఆ పదార్థం తయారు కాదు, వాళ్లకి క్యాన్సరున్నా నార్మల్ వస్తుంది. జబ్బు తేలినవాళ్లలో చికిత్స ఎలా పనిచేస్తోందో చూసుకోవడానికి డాక్టర్లు వాడతారు. తల్లిదండ్రులు, తోబుట్టువుల్లో ఇద్దరికి క్లోమం క్యాన్సర్ వచ్చిన కుటుంబాల సంగతి వేరు, వాళ్లు పెద్దాసుపత్రిలో అడిగి తెలుసుకోవాలి.

సిటీ స్కాన్‌కి రాశారు. మాది ఉద్దానం. ఏమైనా జాగ్రత్త ఉందా?

ఉంది. క్లోమం సరిగా కనిపించాలంటే నరంలోకి రంగు మందు ఎక్కించి తీస్తారు. కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లకి అది ఇబ్బంది కావచ్చు. ముందు క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూపించండి, ‘మాది ఉద్దానం’ అని నోరు విప్పి చెప్పండి. కటక్ డాక్టరుకి ఆ పేరు తెలియకపోతే కిడ్నీ జబ్బులు ఎక్కువున్న ప్రాంతమని చెప్పండి. షుగర్‌కి మెట్‌ఫార్మిన్ వాడుతుంటే అదీ చెప్పాలి.

ఎటు వెళ్లాలి, విశాఖకా, భువనేశ్వర్‌కా?

రాళ్ల వరకైతే ఎటూ వెళ్లక్కర్లేదు, బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఉంది. క్లోమం మీద అనుమానమైతే భువనేశ్వర్ ఎయిమ్స్, కటక్‌లో ఆచార్య హరిహర్ క్యాన్సర్ ఆసుపత్రి ఒకవైపు, విశాఖలో కేజీహెచ్, అగనంపూడిలో టాటా వాళ్ల హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఒకవైపు. భాష కోసం, చుట్టాల కోసం మనవాళ్లు విశాఖ రైలే ఎక్కుతారు, తప్పులేదు. కార్డు సంగతి మాత్రం బయల్దేరేముందే తేల్చుకోండి. ఒడిశా 2025లో ఆయుష్మాన్ భారత్‌లో చేరింది. మీ కార్డు ఆ ఆసుపత్రిలో, ఆ ఆపరేషన్‌కి చెల్లుతుందో లేదో ముందే ఫోన్ చేసి అడగాలి. ఇక్కడి రేషన్ కార్డు మీద ఆంధ్ర ఆరోగ్య పథకం వర్తించదు.

ఒడియా డాక్టరుకి చెప్పుకోవాల్సి వస్తే ‘పిత్తకోషరే పథర’ అంటే పిత్తాశయంలో రాళ్లని. మనం ‘పైత్యం చేసింది’ అంటే తల తిరగడం నుంచి వాంతి దాకా ఏదైనా కావచ్చు. ఆ మాట వద్దు, ఏం జరుగుతోందో అది చెప్పండి.

ఆపరేషన్ అయిపోయింది. రాళ్లు సీసాలో పెట్టి ఇచ్చారు. ఇంకేమైనా తీసుకోవాలా?

ఆ సీసా చాలా ఇళ్లలో షోకేసులో బొమ్మల పక్కనే ఉంటుంది, చుట్టాలొస్తే తీసి చూపిస్తారు. రాళ్లతో ఎవరికీ పనిలేదు. పని ఉన్నది బయాప్సీ రిపోర్టుతో. తీసేసిన పిత్తాశయాన్ని ల్యాబ్‌కి పంపి గోడలో క్యాన్సర్ కణాలున్నాయేమో చూడాలి. మామూలు రాళ్లనుకుని తీసినవాటిలో అప్పుడప్పుడూ అలా బయటపడుతుంది. డిశ్చార్జి రోజున ‘బయాప్సీకి పంపారా, రిపోర్టు ఎప్పుడొస్తుంది, ఎవరు తీసుకోవాలి?’ అని అడగండి. చాలామంది కుట్లు విప్పించుకున్నాక మళ్లీ వెళ్లరు, ఆ కాగితం కౌంటర్లోనే ఉండిపోతుంది. అది తెచ్చుకుని, స్కాన్ రిపోర్టు, డిశ్చార్జి సమ్మరీతో పాటు ఒకే కవర్లో పెట్టి దాచండి.